కోర్సు అయిపోయింది, సర్వర్ ముందు కూర్చుంటే చేతులు ఆడటం లేదు

కొత్త_అడ్మిన్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నేను బీకాం చదివాను. అమీర్‌పేటలో మూడు నెలలు లినక్స్ కోర్సు చేసి, ఆరు వారాల కిందట ఒక చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకునే అడ్మిన్‌గా చేరాను. నాలుగు సర్వర్లు ఉన్నాయి. రెండు ఉబుంటు (ఇదీ లినక్స్ రకమే), ఒకటి రాకీ లినక్స్, ఒకటి విండోస్ సర్వర్. నాకు పని చూపించాల్సిన సీనియర్ నేను చేరిన రెండో వారమే మానేశారు. ఇప్పుడు అన్నీ నేనే చూసుకోవాలి.

పోయిన శుక్రవారం రాకీ సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే సర్వీస్) పోర్ట్, అంటే దాని తలుపు నంబర్, 22 నుంచి 2200కి మార్చాను. సెక్యూరిటీకి మంచిదని కోర్సులో చెప్పారు. ఫైర్‌వాల్‌లో కూడా 2200 తెరిచాను. సర్వీస్ రీస్టార్ట్ చేసి లాగవుట్ అయ్యాను. మళ్లీ లోపలికి వెళ్లబోతే కనెక్షన్ రెఫ్యూజ్డ్. 22 కూడా పని చేయలేదు. హోస్టింగ్ వాళ్ల సపోర్ట్‌కి ఫోన్ చేసి, కన్సోల్ (ఎస్‌ఎస్‌హెచ్ లేకున్నా సర్వర్ తెర చూపించే దారి) ద్వారా వెనక్కి మార్చేసరికి రెండున్నర గంటలు పట్టింది. అంతసేపూ మా బాస్ నా కుర్చీ వెనకే నిలబడ్డారు.

కమాండ్లు చాలా వచ్చు. ఏ సమయంలో ఏది వాడాలో తెలియడం లేదు. ఈ పని ఎలా నేర్చుకోవాలి? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ఓరుగల్లు_రూట్

తమ్ముడూ, ముందు ఆ శుక్రవారం సంగతి తేల్చుకుందాం. నేర్చుకోవడం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ రోజు నువ్వు చేసిన మార్పు ఫైల్‌లో సరిగ్గానే ఉండి ఉంటుంది. ఆపింది ఎస్‌ఈలినక్స్, అంటే ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో కాపలా కాసే లినక్స్ భద్రతా వ్యవస్థ. రాకీ, ఆల్మా, రెడ్‌హ్యాట్ అనే లినక్స్‌లు మూడింటిలోనూ అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ ఏ పోర్ట్ మీద కూర్చోవచ్చో దాని దగ్గర ఒక పట్టీ ఉంది, అందులో ఉన్నది 22 ఒక్కటే. నువ్వు 2200 అనగానే కూర్చోనివ్వలేదు. అందుకే సర్వీస్ అసలు లేవలేదు, రెండు పోర్ట్‌లూ పోయాయి.

ఇప్పుడు ఒక పని చెయ్యి. జర్నల్‌సీటీఎల్ -యూ ఎస్‌ఎస్‌హెచ్‌డీ అని కొట్టి ఆ సర్వీస్ లాగ్‌లో (జరిగినవి రాసిపెట్టే చిట్టా) శుక్రవారం నాటి వరసలు చూడు. ఆ తర్వాత దాని సెట్టింగులుండే ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, పోర్ట్ 22 అనే వరసకు సరిగ్గా పైన ఏముందో చదివి ఇక్కడ రాయి.

కొత్త_అడ్మిన్

అన్నా, లాగ్‌లో 2200 పోర్ట్‌కి బైండ్ అవడం ఫెయిలైంది, పర్మిషన్ డినైడ్ అని ఉంది. టైమ్ కూడా శుక్రవారం సాయంత్రం 5:40.

ఫైల్‌లో పోర్ట్ వరస పైన ఒక కామెంట్ ఉంది. ఎస్‌ఈలినక్స్ ఉన్న సిస్టమ్‌లో పోర్ట్ మారిస్తే ఆ సంగతి ఎస్‌ఈలినక్స్‌కి కూడా చెప్పాలి అని రాసి, దాని కింద సెమేనేజ్ కమాండ్ మొత్తం ఇచ్చారు. పోర్ట్ నంబర్ ఒక్కటే మనం పెట్టుకోవాలి. ఆ వరస మార్చినప్పుడు ఈ కామెంట్ నా కళ్ల ముందే ఉంది, చదవలేదు.

ఓరుగల్లు_రూట్

ఇప్పుడు చదివావు కదా, చాలు. ఇకమీదట ఏ కాన్ఫిగ్ ఫైల్ ముట్టుకున్నా ముందు అందులోని కామెంట్లు చదువు. ఏ సర్వీస్ లేవకపోయినా గూగుల్ కంటే ముందు లాగ్ చూడు. పదిహేనేళ్లుగా నేను చేస్తున్నది ఇదే.

ఇంకొకటి. పోర్ట్ మారిస్తే లాగ్‌లో చెత్త తగ్గుతుంది, ఊరికే తలుపు తట్టే బాట్లు తగ్గుతాయి. అంతకుమించి రక్షణ రాదు. అసలు రక్షణ కావాలంటే పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి కీ లాగిన్ (పాస్‌వర్డ్ బదులు నీ దగ్గరున్న కీ ఫైల్‌తో లాగిన్) పెట్టుకో.

సీమ_సర్వర్

రూట్ అన్న చెప్పనిది ఒకటి కలుపుతున్నా. ఎస్‌ఎస్‌హెచ్ గానీ, ఫైర్‌వాల్ గానీ, నెట్‌వర్క్ గానీ ముట్టుకునేటప్పుడు ఉన్న సెషన్ మూయకండి. సర్వీస్ రీస్టార్ట్ చేసినా పాత సెషన్ తెగదు. పక్కన ఇంకో విండో తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడండి. అది పని చేశాకే మొదటిది మూయాలి. ఆ శుక్రవారం మీరు ఇలా చేసి ఉంటే రెండున్నర గంటల టెన్షన్ రెండు నిమిషాల్లో తీరిపోయేది.

రాకీలో ఫైర్‌వాల్ రూల్ పెట్టేటప్పుడు మొదట పర్మనెంట్ అనకుండా పెట్టండి. తేడా వస్తే రీబూట్ చేస్తే చాలు, పోతుంది. బాగుందనుకున్నాకే పర్మనెంట్ చేయండి.

లక్ష్మి_డీబీఏ

నేర్చుకోవడం గురించి అడిగారు కాబట్టి నా మాట. మీ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే సరిపోతుంది. వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్) వేసుకుని ఒక రాకీ, ఒక ఉబుంటు మెషీన్ పెట్టండి, ఒక్కోదానికి 2 జీబీ ఇవ్వండి. గ్రాఫికల్ డెస్క్‌టాప్ వద్దు, సర్వర్‌లో అది ఉండదు. స్నాప్‌షాట్ తీయండి, పాడైతే ఆ స్థితికి వెనక్కి వెళ్లొచ్చు. ఆ తర్వాత కావాలని పాడు చేయండి.

పాడు చేయడం అంటే ఉత్తినే కాదు. ఆఫీసులో ఏవి పాడవుతాయో అవే చేయండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్క్‌లు కలపాలో రాసే ఫైల్) లేని డిస్క్ పేరు రాసి రీబూట్ చేయండి, మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, అక్కడి నుంచి బయటికి తీయండి. సుడో (రూట్ హక్కుతో కమాండ్ నడిపేది) ఎవరు వాడొచ్చో రాసే సుడోయర్స్ ఫైల్‌లో, తప్పులు పట్టే విసుడో వాడకుండా, మీకు హక్కు ఇచ్చే వరసలో ఒక అక్షరం తప్పు రాయండి, మీకు సుడో పని చేయడం మానేస్తుంది. మీ యూజర్ ఫోల్డర్‌కి 777 పర్మిషన్ (ఎవరైనా రాయగల హక్కు) ఇవ్వండి, కీ ఉన్నా ఎస్‌ఎస్‌హెచ్ లోపలికి రానివ్వదు. ఎందుకో లాగ్ చెబుతుంది.

రూట్ (సర్వర్‌లో అన్ని హక్కులూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్ మర్చిపోయినట్టు కూడా చేసి చూడండి. రాకీలో బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూ దగ్గర ఆపి, కెర్నల్ వరస చివర ఆర్‌డీ.బ్రేక్ కలిపితే బూట్ మధ్యలో ఆగుతుంది. సిస్‌రూట్‌ని (అసలు సిస్టమ్ ఉన్న ఫోల్డర్) రాసేలా మళ్లీ మౌంట్ చేసి, చ్‌రూట్ చేసి (దాని లోపలికి వెళ్లి), పాస్‌వర్డ్ మార్చాలి. చివర .ఆటోరీలేబుల్ (పేరు ముందు చుక్కతో) అనే ఖాళీ ఫైల్ పెట్టాలి. చాలామంది ఇది బట్టీ పడతారు. మీరు ఒకసారి ఆ ఫైల్ పెట్టకుండా బయటికి రండి. పాస్‌వర్డ్ సరైనదే, అయినా లాగిన్ అవదు. అలా మార్చినప్పుడు పాస్‌వర్డ్‌లు ఉండే షాడో ఫైల్‌కి ఉండాల్సిన ఎస్‌ఈలినక్స్ లేబుల్ పోతుంది, లేబుల్ లేని ఫైల్‌ని లాగిన్ ప్రోగ్రామ్ చదవలేదు. ఈ దెబ్బ తిన్నాక ఆ స్టెప్ జన్మలో మర్చిపోరు.

బెజవాడ_బాష్

సర్టిఫికేషన్ సంగతి ఏంటి? నా ఉద్దేశంలో ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్‌హ్యాట్ కంపెనీ ఇచ్చే అడ్మిన్ సర్టిఫికెట్) చేస్తే ఇంటర్వ్యూకి పిలుస్తారు, అంతే. పని రాదు.

ఓరుగల్లు_రూట్

ఆ మాట ఒప్పుకోను బాష్ గారూ. మిగతా సర్టిఫికేషన్ల గురించి అంటే ఒప్పుకుంటాను. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో ఆప్షన్లు టిక్కు పెట్టడం లేదు. మెషీన్ ఇస్తారు, దాని మీద పని చేసి చూపించాలి. 300కి 210 రావాలి. మీరు చేసినదంతా రీబూట్ తర్వాత కూడా నిలవాలి, నిలవకపోతే మార్కులు లేవు. నిజం ఉద్యోగంలోనూ లెక్క అదే. రెడ్‌హ్యాట్ డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఉచితం, 16 సిస్టమ్‌ల దాకా వాడుకోవచ్చు. పరీక్షకు కట్టకపోయినా ఆ సిలబస్ పట్టుకుని ప్రాక్టీస్ చేస్తే తమ్ముడికి ఒక దారి దొరుకుతుంది.

బెజవాడ_బాష్

సిలబస్ దారి చూపిస్తుంది అన్నది నిజమే. డబ్బు కట్టే ముందు ఆరు నెలలు ప్రొడక్షన్‌లో (నిజంగా వాడకంలో ఉన్న సర్వర్ల మీద) పని చేయమని మాత్రం చెబుతాను.

కొత్త_అడ్మిన్

క్షమించాలి, మధ్యలో వస్తున్నాను. అర్జెంట్. ఒక ఉబుంటు సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది, వెబ్‌సైట్ రాత్రి నుంచి ఎర్రర్ ఇస్తోంది. డీఎఫ్ -హెచ్ (డిస్క్‌లో చోటు చూపే కమాండ్) కొడితే సైజు 39 జీబీ, వాడింది 37, మిగిలింది సున్నా, 100 శాతం అంటోంది. వార్ లాగ్ అనే ఫోల్డర్‌లో మా అప్లికేషన్ లాగ్ ఒక్కటే 26 జీబీ ఉంది. దాన్ని ఆర్‌ఎమ్ (డిలీట్) చేసేశాను. అయినా 100 శాతమే! సుడోతో డీయూ (ఫైళ్ల సైజులు కూడే కమాండ్) కొడితే మొత్తం 11 జీబీ అంటోంది. మిగతా 26 ఎక్కడికి పోయినట్టు?

సీమ_సర్వర్

ఎక్కడికీ పోలేదు. ఇంకేమీ డిలీట్ చేయకండి. రీబూట్ కూడా ఇప్పుడే వద్దు.

సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1 కొట్టి ఏం వచ్చిందో పెట్టండి.

లక్ష్మి_డీబీఏ

ఆ సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటే పీజీ_వాల్ ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్లకండి. అది మామూలు లాగ్ కాదు, డేటాబేస్ ప్రాణం. పాత వెర్షన్లలో దాని పేరు పీజీ_ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ ఉంది కదా అని డిస్క్ నిండినప్పుడు జనం తుడిచేసి డేటా పోగొట్టుకునేవాళ్లు. 2017లో వెర్షన్ 10తో ఆ పేరు మార్చారు.

కొత్త_అడ్మిన్

అక్కా, డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉంది, ముట్టుకోలేదు.

ఎల్‌ఎస్‌ఓఎఫ్‌లో ఒకే వరస వచ్చింది. జావా ప్రాసెస్, సైజు 26 జీబీ, చివర బ్రాకెట్లో డిలీటెడ్ అని ఉంది.

సీమ_సర్వర్

అదే. ఫైల్ పేరు పోయింది, ఫైల్ పోలేదు. లినక్స్‌లో ఒక ఫైల్‌ని ఏదైనా ప్రాసెస్ తెరిచి పట్టుకుని ఉంటే, మీరు ఆర్‌ఎమ్ చేసినా ఆ చోటు వెనక్కి రాదు. ఫోల్డర్‌లోంచి పేరు మాత్రం తీసేస్తుంది. డీయూ పేర్లు పట్టుకుని లెక్క వేస్తుంది కాబట్టి దానికి 11 కనిపించింది. డీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌ని అడుగుతుంది కాబట్టి దానికి 37 కనిపించింది. ఆ తేడా అంతా మీ జావా చేతిలో ఉంది.

సైట్ ఎలాగూ పడిపోయింది కాబట్టి ఆ సర్వీస్ రీస్టార్ట్ చేయండి. చోటు వెంటనే వస్తుంది.

కొత్త_అడ్మిన్

వచ్చింది! ఇప్పుడు 30 శాతం. సైట్ లేచింది. సీమ గారూ, చాలా థాంక్స్.

ఒక్క డౌట్. సైజు 39, వాడింది 37 అయితే 2 మిగలాలి కదా, సున్నా ఎందుకు చూపించింది?

సీమ_సర్వర్

మంచి ప్రశ్న. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తయారయ్యేటప్పుడే 5 శాతం రూట్ కోసం పక్కన పెడుతుంది. మామూలు ప్రోగ్రామ్‌లకు ఆ చోటు దొరకదు. డిస్క్ నిండినా రూట్‌గా వెళ్లి సర్దడానికి వీలుండాలని ఆ ఏర్పాటు. మీకు ఇవాళ పనికొచ్చింది అదే.

ఇక మళ్లీ ఇలా రాకుండా చూడాలి. నడుస్తున్న ప్రోగ్రామ్ లాగ్‌ని ఆర్‌ఎమ్ చేయకూడదు, ట్రంకేట్ -ఎస్ 0 తో ఖాళీ చేయాలి. ఆ లాగ్‌కి లాగ్‌రొటేట్ (పాత లాగ్ పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టేది) రూల్ రాయండి. జావా అప్లికేషన్ కొత్త ఫైల్ తెరుచుకోదు కాబట్టి కాపీట్రంకేట్ ఆప్షన్ (కాపీ తీసి అసలు ఫైల్ ఖాళీ చేసేది) పెట్టండి. రోజూ తిప్పి, ఏడు ఉంచి, పాతవి కంప్రెస్ చేయిస్తే చాలు. ఇంకోసారి డీఎఫ్ -హెచ్‌లో చోటు ఉండి కూడా డిస్క్ నిండిందని అంటే డీఎఫ్ -ఐ చూడండి. చిన్నచిన్న ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున పట్టే నమోదు గడులు) అయిపోతాయి.

డల్లాస్_నైట్‌షిఫ్ట్

ఇక్కడ తెల్లవారుజాము మూడు. డ్యూటీలో ఉండి ఈ చర్చంతా చదివాను. తమ్ముడూ, డిస్క్ నిండింది, తీర్చావు. పోర్ట్ పోయింది, తెచ్చుకున్నావు. ఎవరూ అడగనిది నేను అడుగుతున్నా. మీ బ్యాకప్ ఎక్కడుంది? చివరిసారి ఎప్పుడు రీస్టోర్ చేసి చూశారు?

ఎందుకు అడుగుతున్నానంటే, పాత ఉద్యోగంలో నేను చేరినప్పుడు రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ నడిచేది. రోజూ ఉదయం బ్యాకప్ విజయవంతం అని మెయిల్ వచ్చేది. ఎనిమిది నెలలు ఆ మెయిల్ చూసి నిశ్చింతగా ఉన్నాం. ఒకరోజు ఒక టేబుల్ పోయింది. బ్యాకప్ ఫోల్డర్ తెరిచి చూస్తే ప్రతి ఫైల్ సైజూ 20 బైట్లు. 20 జీబీ కాదు, 20 బైట్లు. ఖాళీ జీజిప్ (కుదించిన) ఫైల్ సైజు అంతే ఉంటుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఎవరో మార్చారు, డంప్ (డేటాబేస్ కాపీ తీయడం) ప్రతి రాత్రీ ఫెయిలైంది. కానీ డంప్‌ని పైప్‌లో జీజిప్‌కి పంపిస్తున్నాం, జీజిప్ మాత్రం సక్సెస్ అయింది, స్క్రిప్ట్ చివరి కమాండ్ రిజల్ట్ చూసి సక్సెస్ మెయిల్ పంపింది. స్క్రిప్ట్ పైన సెట్ -ఓ పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఏది ఫెయిలైనా ఫెయిలే అని చెప్పేది) అనే ఒక్క వరస ఉంటే మొదటి రోజే తెలిసేది. ఆ టేబుల్‌ని ఆఫీసు కాగితాల నుంచి మళ్లీ ఎక్కించడానికి నలుగురు మనుషులకు పదకొండు రోజులు పట్టింది. ఆ నలుగురిలో ఒకావిడ రోజూ రాత్రి పాపని పడుకోబెట్టి వచ్చి మళ్లీ కూర్చునేది. ఆమె ముఖం నేను మర్చిపోలేను.

పెద్దవాళ్లకూ తప్పలేదు. 2017 జనవరి 31న ప్రోగ్రామ్ కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ రాత్రి పూట రెండో సర్వర్ అనుకుని ప్రొడక్షన్ డేటాబేస్ ఫోల్డర్ తుడిచేశారు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్ కోసం వెతికితే ఒక్కొక్కటీ పని చేయడం లేదని తేలింది. ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఆదుకుంది. వాళ్లు ఇదంతా దాచకుండా అందరి ముందూ రాసి పెట్టారు, అందుకే మనకు తెలిసింది.

కొత్త_అడ్మిన్

అన్నా, ఫోల్డర్ తెరిచి చూశాను, సైజులు బాగానే ఉన్నాయి. రీస్టోర్ మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఈ ఆదివారం మా ల్యాబ్ మెషీన్‌లో చేసి చూస్తాను.

బెజవాడ_బాష్

కీ లాగిన్ గురించి పైన రూట్ గారు అన్నారు. ఉబుంటులో అక్కడ ఒక గుంట ఉంది, అందులో పడకండి. ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్‌లో పాస్‌వర్డ్ అథెంటికేషన్ నో అని రాసి, రీస్టార్ట్ చేసి, పని అయిపోయిందనుకుంటాం. క్లౌడ్ సర్వర్లలో పక్కనే ఉన్న ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ ఫోల్డర్‌లో 50-క్లౌడ్-ఇనిట్ అనే ఫైల్ ఉంటుంది, అందులో యెస్ అని ఉండొచ్చు. ఎస్‌ఎస్‌హెచ్ మొదట చదివిన విలువే తీసుకుంటుంది, ఆ ఫోల్డర్‌ని ముందు చదువుతుంది. మీ నో ఫైల్‌లో అలాగే పడి ఉంటుంది, పాస్‌వర్డ్‌తో ఎవడైనా ప్రయత్నిస్తూనే ఉండొచ్చు. ఫైల్ చూసి నమ్మకండి. సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -పెద్ద టీ కొడితే నిజంగా అమల్లో ఉన్న సెట్టింగులు వస్తాయి.

డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి కంటైనర్లలో నడిపేది) వాడుతుంటే ఇంకోటి. ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూలో పోర్ట్ మూసినా, డాకర్ పబ్లిష్ చేసిన పోర్ట్ బయటికి తెరుచుకునే ఉంటుంది. డాకర్ తన రూల్స్ తనే ముందు రాసుకుంటుంది. లోపల వాడుకునే పోర్ట్‌కి ముందు 127.0.0.1 (ఆ మెషీన్‌కే పరిమితమైన అడ్రస్) కలిపి పబ్లిష్ చేయండి. తర్వాత బయటి మెషీన్ నుంచి స్కాన్ చేసి చూడండి.

లక్ష్మి_డీబీఏ

అప్‌డేట్స్ మాట ఎవరూ ఎత్తలేదు. ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ గుర్తుందా? దాన్ని ఆపే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ఇచ్చింది. దాడి వచ్చింది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలలు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు లాక్ అయ్యాయి. మీ విండోస్ సర్వర్ ఏ వెర్షనో చూసుకోండి. 2012 అయితే మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్‌తో అయిపోయింది.

ఓరుగల్లు_రూట్

నేను ఒక్క అలవాటు చెబుతా. నాలుగు సర్వర్లూ మామూలు రోజున ఎలా ఉంటాయో నోట్‌బుక్‌లో రాసుకో. లోడ్ ఎంత, ర్యామ్ ఎంత, లాగిన్‌కి ఎంతసేపు, ఏ పోర్ట్‌లు తెరిచి ఉన్నాయి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దొంగ తలుపు పెట్టారు. అది ప్రపంచమంతా పాకకముందే 2024 మార్చిలో బయటపడింది. ఎలాగంటే, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని గమనించి, వదలకుండా తవ్వాడు. మామూలుగా ఎంత పడుతుందో తెలియనివాడికి ఆ అర సెకను కనిపించదు.

కొత్త_అడ్మిన్ (మూడు వారాల తర్వాత)

అందరికీ మళ్లీ నమస్కారం. రీస్టోర్ చేశాను. డేటాబేస్ 50 నిమిషాల్లో వచ్చింది. సైట్ తెరిస్తే కస్టమర్లు అప్‌లోడ్ చేసిన ఫొటోలు ఒక్కటీ లేవు. ఆ ఫోల్డర్‌ని బ్యాకప్‌లో ఎవరూ పెట్టలేదు. పెట్టాను, మళ్లీ రీస్టోర్ చేశాను, ఈసారి వచ్చాయి. మా బాస్‌కి చూపించాను. ఆయన ఏమీ అనలేదు, ఇంకో హార్డ్ డిస్క్‌కి డబ్బులిచ్చారు.

ఇప్పుడు భయం ఒక్కటే. రాకీ సర్వర్ అప్‌టైమ్ (రీబూట్ లేకుండా నడిచిన కాలం) 412 రోజులు. కొత్త కెర్నల్ ఎక్కింది, రీబూట్ అడుగుతోంది. ఈ రాత్రి 11కి చేద్దామనుకుంటున్నాను.

సీమ_సర్వర్

ముందు ఫైండ్‌మౌంట్ --వెరిఫై కొట్టండి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పులుంటే చెబుతుంది. హోస్టింగ్ కన్సోల్‌లోకి ఇప్పుడే లాగిన్ అయి పెట్టుకోండి. ఇప్పుడు ఏ సర్వీసులు నడుస్తున్నాయో, ఏ పోర్ట్‌లు తెరిచి ఉన్నాయో ఒక ఫైల్‌లో దాచండి. లేచాక ఆ లిస్టుతో పోల్చండి. 412 రోజుల్లో ఎవరో చేత్తో స్టార్ట్ చేసి వదిలేసినది ఒకటైనా ఉంటుంది.

డల్లాస్_నైట్‌షిఫ్ట్

మీ రాత్రి 11 అంటే నాకు మధ్యాహ్నం. ఆన్‌లైన్‌లో ఉంటా, ఏదైనా ఉంటే ఇక్కడ రాయి.

కొత్త_అడ్మిన్

11:04కి రీబూట్ కొట్టాను. 11:06కి పింగ్ వచ్చింది. లాగిన్ అయ్యాను. సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్ సున్నా అంది. అయినా సీమ గారు చెప్పినట్టు లిస్టుతో పోల్చాను, ఒకటి తక్కువ. రెడిస్ (డేటాను మెమరీలో ఉంచే సర్వీస్) లేవలేదు. ఫెయిల్ అవలేదు, అసలు ఎనేబుల్ (బూట్‌తో తనంతట తనే లేచేలా) చేసే లేదు. ఎనేబుల్ చేసి, స్టార్ట్ చేసి, 11:20కి ఇంకోసారి రీబూట్ చేశాను. ఈసారి అన్నీ వాటంతట అవే లేచాయి. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

ఓరుగల్లు_రూట్

రెండో రీబూట్ చేశావు చూడు, అది బాగుంది తమ్ముడూ. ఇక పడుకో. రేపు ఆ పోర్ట్ సంగతి చూద్దాం.